ఉండబోయే చోట

నాన్న తుపాకి అమ్మిన డబ్బుకి
తుల్చాలో ఒక పాత లెన్సు వచ్చింది.
అంచు కాస్త సొట్ట, లోపల బూజు చుక్క ఒకటి.
"బరువు మాత్రం అంతే ఉంది" అన్నాడాయన,
రెంటినీ మోసి చూసిన చేతులతో.

తెల్లారుజాము నాలుగున్నర.
సముద్రంలో కలిసేముందు డాన్యూబు
ఎటు పోవాలో తేల్చుకోలేక
వెయ్యి పాయలయ్యే చోట
తారు పూసిన మా నల్ల పడవ.
రెల్లు మలుపు ఇవతలే మోటారు ఆపేశాం.
ఇక తెడ్డు ఆయనది, మెడనొప్పి నాది.

ఆయన కళ్ళకి పొర కమ్మి మూడేళ్ళు.
ఆపరేషనుకి పద అంటే
చేపలు పడే రోజులని ఒకసారి,
పెద్ద ఉపవాసాలని ఒకసారి.
అయినా దారి చెప్పేది ఆయనే.
ఎడమన నీరు గొంతు మారిస్తే అది పాత కాలువ,
గాలి చెంప మారితే సరస్సు.

"వినపడిందా, ఫెనియా?"
నాకు దోమలే వినపడ్డాయి.
"గూడబాతు. పెద్దది. నిన్న మింగింది అరగలేదు,
లేవడానికి బద్ధకిస్తోంది."

గూడబాతు లేవడం చూశారా మీరు?
మొదట ఎగరడం కాదు, పరుగు.
రెండు కాళ్ళూ కూడబలుక్కుని
ఒకేసారి నీటిని తన్ని
తప్, తప్, తప్,
రేవులో పడవ తప్పిపోతుంటే
అంగీ ఎత్తిపట్టి, గడ్డం ఊగుతుండగా
పరుగెత్తే మా ఫాదర్ నికిఫోర్ లాగే.
ఏడో అడుగుకో ఎనిమిదో అడుగుకో
నీరు చెయ్యి వదిలేస్తుంది.
ఆ తర్వాత ఆ బరువంతా ఏమవుతుందో
నాకు ఇంతవరకూ అంతుపట్టలేదు.

నాన్న పాఠం ఒక్కటే, తుపాకి రోజులది:
"పక్షి ఉన్నచోట గురి పెట్టకు,
ఉండబోయే చోట పెట్టు.
అక్కడికి అది రావాలి, నువ్వు పోకూడదు."
సెకనులో రెండువేలో వంతు పెట్టుకున్నా
ఆ పాఠం దగ్గర నాది మట్టిబుర్రే.
శనివారం ఒక్కనాడే పదకొండు వందల నలభై తీశాను.
రెక్క కొస తెగినవి,
తోక తప్ప పక్షి లేనివి,
ముక్కు పదునుగా, కన్ను అలికినట్టుగా,
పక్షి మసకైపోయి వెనక రెల్లుపూవు మాత్రం
పోగు పోగూ లెక్కపెట్టుకోవచ్చు.
ఒకదాంట్లో ఏమీ లేదు,
నీళ్ళ మీద వరసగా ఎనిమిది వలయాలు,
ఒకదాని కన్నా ఒకటి లేతగా.
చెరపబోయి ఆగాను. ఎందుకో.

రాత్రి పొయ్యి దగ్గర,
ఏటినీళ్ళతో కాచిన చేపల చారు చల్లారుతుంటే
కెమెరా ఆయన చేతికిచ్చాను.
తెరని బొటనవేలితో తడిమి
"ఇన్నిసార్లు పేల్చావు, ఒక్కటీ పడలేదా?" అన్నాడు.
"పడకూడదు నాన్నా."
చాలాసేపు నమిలాడు ఆ మాటని.
"నేను కొట్టినవి పడ్డ చప్పుడు
ఒక్కొక్కటీ నాకు గుర్తే."
ఇంకేమీ అనలేదు.
రొట్టెముక్క గిన్నెలో నాని విడిపోయింది.

మర్నాడు మళ్ళీ అదే మలుపు.
నీటిబొట్ల చప్పుడు కూడా కాకుండా
తెడ్డు ఒళ్ళో పడుకోబెట్టుకున్నాడు నాన్న.
రెల్లు వెనక అడుగులు మొదలయ్యాయి.
"ఐదు... ఆరు..."
"ఇప్పుడు!"

ఆయన అనడానికీ నేను నొక్కడానికీ మధ్య
ఒక గూడబాతు పట్టేంత సందు ఎప్పుడూ ఉంటుంది.
ఈసారి అది తిన్నగా
మా పడవ మీదుగానే వచ్చింది.
తొమ్మిదడుగుల రెక్కలు.
చేపల కంపు గాలి.
నా మొహం నిండా సరస్సు.

తుల్చాలో ప్రింటు వేసే కుర్రాడు
"ఫోకస్ తప్పిందక్కా, ఇదే వెయ్యమంటావా?" అన్నాడు.
పై సగమంతా తెల్లటి మసక,
గూడబాతని నేను చెబితే తప్ప తెలీదు.
లెన్సు తనకి నచ్చినచోట నిలబడింది.
మా నాన్న కుడి చెవి,
దాని మీద నెరిసిన వెంట్రుకలు,
అంచున పడీపడని నీటిబొట్టు,
తల కొంచెం పక్కకి వంచి
ఇంకా ఏమీ లేని ఆకాశం వైపు.